పాత మారకపు రేట్లు: వెతకడం, సరిచూడటం, లెక్కలో వాడటం

ఫలానా రోజున ఒక దేశపు డబ్బుకు మరో దేశపు డబ్బు ఎంత వచ్చేది? ప్రశ్న చిన్నదే. నెట్‌లో వెతికితే క్షణాల్లో ఏదో ఒక అంకె దొరుకుతుంది కూడా. అయితే అది కొనే రేటా, అమ్మే రేటా? ఆ రోజులో ఏ వేళది? ప్రభుత్వం ప్రకటించిందా, బజార్లో నడిచిందా? ఇవేవీ ఆ అంకె పక్కన రాసి ఉండవు. పన్ను లెక్క, పరిశోధన వ్యాసం, పాత అప్పు పత్రం, ఎప్పటిదో ఒక ఉత్తరంలో కనిపించిన జీతం విలువ, పని ఏదైనా సరే, ఈ వివరాలు తేల్చుకోకుండా అంకెను వాడితే లెక్క తప్పుతుంది. ఒక్కోసారి పైసల్లో, ఒక్కోసారి వంద రెట్లలో. ఈ పనిని ఏ వరుసలో చేయాలో, ఎక్కడెక్కడ ఆగి చూసుకోవాలో ఇక్కడ చెబుతున్నాను.

మొదటి అడుగు: రేటు దేనికో తేల్చుకోండి

చాలామంది ముందు వెబ్‌సైటు తెరుస్తారు. ముందు తేల్చుకోవాల్సింది అవసరం. ఒక నిర్దిష్టమైన రోజున జరిగిన ఒకే చెల్లింపు అయితే ఆ రోజు రేటు కావాలి. ఏడాది పొడవునా వచ్చిన జీతమో, ఎగుమతుల ఆదాయమో అయితే సగటు రేటు కావాలి. ఒక తేదీన ఉన్న అప్పు, బ్యాంకు నిల్వ లాంటివైతే ఆ తేదీ ముగింపు రేటు కావాలి. అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణం ఐఏఎస్ 21 చెప్పేదీ దాదాపు ఇదే. నగదు రూపంలోని ఆస్తులకు, అప్పులకు ముగింపు రేటు వాడాలి. ఆదాయ వ్యయాలకు లావాదేవీ రోజు రేటు వాడాలి. రేట్లు మరీ ఊగిసలాడని కాలంలో అయితే సగటు వాడుకోవచ్చు.

పన్ను కోసమో, ఒప్పందం కోసమో అయితే మీ ఇష్టం నడవదు. ఏ సంస్థ ప్రకటించిన ఏ రేటు తీసుకోవాలో ఆ చట్టంలోనో, ఆ ఒప్పందంలోనో సాధారణంగా రాసే ఉంటుంది. ముందు అది చదవండి.

రెండో అడుగు: ఏ కరెన్సీ, దానిలో ఏ అవతారం

డాలర్ అంటే అమెరికాది ఒక్కటే కాదు. కెనడా, ఆస్ట్రేలియా, సింగపూర్, హాంకాంగ్ డాలర్లు వేర్వేరు. పౌండ్లూ అంతే, రూపాయలూ అంతే. అందుకే ఐఎస్ఓ 4217 ప్రమాణం ఒక్కో కరెన్సీకి మూడక్షరాల కోడ్ ఇచ్చింది. పేరుతో కాకుండా ఆ కోడ్‌తో వెతకడం మంచి అలవాటు.

ఒకే దేశం తన డబ్బులో సున్నాలు కొట్టేసినప్పుడు అసలు చిక్కు మొదలవుతుంది. టర్కీ 2005 జనవరి 1న 10 లక్షల పాత లీరాలను ఒక కొత్త లీరాగా మార్చింది. కోడ్ కూడా టీఆర్ఎల్ నుంచి టీఆర్‌వై అయింది. 2004 చివర డాలర్‌కు 13 లక్షల పైచిలుకు లీరాలు వచ్చేవి. ఆనాటి పత్రికల్లో ఆ అంకే ఉంటుంది. ఇప్పటి డేటాబేస్‌లో అదే తేదీకి 1.3 పైచిలుకు కనిపిస్తుంది. రెండూ నిజమే. పాత రేట్లన్నిటినీ వెనక్కి వెళ్లి కొత్త యూనిట్‌లోకి మార్చేశారు, అంతే. మీ చేతిలో 2003 నాటి బిల్లు ఉంటే, అందులోని మొత్తం పాత లీరాల్లో ఉంటుంది, డేటాబేస్ రేటు కొత్త లీరాల్లో ఉంటుంది. ఆ రెండింటినీ నేరుగా కలిపారా, జవాబు 10 లక్షల రెట్లు తప్పు.

బ్రెజిల్ కథ ఇంకా పెద్దది. 1986లో 1,000 క్రుజేరోలు ఒక క్రుజాడో అయ్యాయి. 1989లో 1,000 క్రుజాడోలు ఒక కొత్త క్రుజాడో అయ్యాయి. 1990లో విలువ మారకుండా పేరు మళ్లీ క్రుజేరో అయింది. 1993లో మరో మూడు సున్నాలు పోయి క్రుజేరో రియల్ వచ్చింది. 1994 జులై 1న 2,750 క్రుజేరో రియల్‌లకు ఒక రియల్ ఇచ్చారు. అన్నీ గుణిస్తే ఇప్పటి ఒక రియల్ 1986కు ముందటి 2.75 లక్షల కోట్ల క్రుజేరోలకు సమానం. అందుకే బ్రెజిల్ పాత రేట్లు కొన్ని డేటా ఫైళ్లలో దశాంశ బిందువు తర్వాత వరసగా సున్నాలతో ఉంటాయి. స్ప్రెడ్‌షీట్ నాలుగు దశాంశాలే చూపిస్తే ఆ గడిలో ఉత్త సున్నా కనిపిస్తుంది. గడి ఫార్మాట్ మార్చి అసలు అంకె చూసుకోండి. ఇంకా పెద్ద ప్రమాదం ఏమిటంటే, ఫైలును సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైలుగా) సేవ్ చేసినప్పుడు ఆ చిన్న అంకె నిజంగానే సున్నాగా మిగిలిపోవచ్చు.

ఫ్రాన్స్ 1960లో, రష్యా 1998లో, పోలండ్ 1995లో, మెక్సికో 1993లో, వెనెజులా 2008, 2018, 2021లలో ఇలాగే సున్నాలు తీసేశాయి. మీరు వెతుకుతున్న దేశంలో ఇలాంటి మార్పు జరిగిందేమో చూడకుండా మూడో అడుగుకు వెళ్లకండి.

మూడో అడుగు: దిశ

ఒక డాలర్‌కు ఎన్ని యెన్లు? ఒక యెన్‌కు ఎంత డాలర్? రెండూ ఒకే సంగతి, కానీ అంకెలు తలకిందులు. అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ వెలువరించే హెచ్.10 పట్టికలో ఎక్కువ కరెన్సీలకు ‘ఒక డాలర్‌కు ఎన్ని’ అని ఉంటుంది. యూరో, బ్రిటిష్ పౌండ్, ఆస్ట్రేలియా డాలర్, న్యూజిలాండ్ డాలర్‌లకు మాత్రం ‘ఒకదానికి ఎన్ని డాలర్లు’ అని తిరగేసి ఇస్తారు. ఒకే పట్టికలో రెండు దిశలూ ఉంటాయన్నమాట. కాలమ్ మొత్తాన్ని ఒకే ఫార్ములాతో గుణించేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. అలాగే యెన్ రేటును కొన్ని సంస్థలు 100 యెన్లకు లెక్కగట్టి ఇస్తాయి. భారత రూపాయి రిఫరెన్స్ రేట్లలో (పని దినాల్లో రోజూ ప్రకటించే ప్రామాణిక రేట్లు) యెన్ అలాగే ఉంటుంది.

దిశ మారితే శాతం కూడా మారుతుంది. 1966 జూన్ 6న భారత ప్రభుత్వం రూపాయి విలువ తగ్గించినప్పుడు డాలర్ 4.76 రూపాయల నుంచి 7.50కి వెళ్లింది. డాలర్ వైపు నుంచి చూస్తే అది సుమారు 57.6 శాతం పెరిగింది. రూపాయి వైపు నుంచి చూస్తే దాని విలువ 36.5 శాతం తగ్గింది. ఆనాటి సంఘటన గురించి రెండు అంకెలూ చలామణిలో ఉన్నాయి, ఏదీ తప్పు కాదు. ఎటు నుంచి కొలిచారో చెప్పకపోవడమే తప్పు. ఏ కరెన్సీ విలువ అయినా 100 శాతం మించి పడిపోవడం సాధ్యం కాదు కాబట్టి ‘ఫలానా డబ్బు 150 శాతం పడిపోయింది’ అని ఎక్కడైనా చదివితే, ఎదుటి కరెన్సీ పెరిగిన శాతాన్ని దీనికి అంటగట్టారని అర్థం చేసుకోండి.

నాలుగో అడుగు: ఆ కాలంలో రేటు ఎలా నిర్ణయమయ్యేదో తెలుసుకోండి

ఇది దాటవేయకూడని అడుగు. కాలాన్ని బట్టి రేటు అనే మాటకు అర్థమే మారిపోతుంది.

బంగారు ప్రమాణం నడిచిన రోజుల్లో రేటు నాణేల్లోని బంగారం బరువు నుంచి వచ్చేది. బ్రిటిష్ పౌండ్‌లో సుమారు 113 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే ఒక చిన్న బరువు కొలత) మేలిమి బంగారం, డాలర్‌లో 23.22 గ్రెయిన్లు. భాగిస్తే 4.8666. పౌండ్‌కు దాదాపు 4.87 డాలర్లన్న అంకె పాత పుస్తకాల్లో పదే పదే కనిపించడానికి కారణం ఇదే. మార్కెట్ రేటు దీని చుట్టూ కొద్దిగా మాత్రమే అటూ ఇటూ కదిలేది. 1931 సెప్టెంబర్‌లో బ్రిటన్ బంగారాన్ని వదిలేసింది.

1944 జులైలో బ్రెటన్ వుడ్స్ ఒప్పందం వచ్చింది. డాలర్‌ను ఔన్సు బంగారానికి 35 డాలర్ల చొప్పున కట్టారు, మిగతా కరెన్సీలను డాలర్‌కు కట్టారు. ఆ కాలపు రేట్లు మెట్లలా ఉంటాయి. ఏళ్ల తరబడి ఒకే అంకె, ఆపైన ఒక్క రాత్రిలో పెద్ద మార్పు. పౌండ్ 4.03 డాలర్లుగా ఉండి 1949 సెప్టెంబర్‌లో 2.80కి, 1967 నవంబర్‌లో 2.40కి దిగింది. యెన్ 1949 నుంచి 1971 దాకా డాలర్‌కు 360గానే ఉంది. 1971 ఆగస్టు 15న అమెరికా అధ్యక్షుడు నిక్సన్ డాలర్‌కు బంగారం ఇచ్చే ఏర్పాటు ఆపేశాడు. డిసెంబర్‌లో యెన్‌ను 308కి కొత్తగా కట్టారు. 1973 మార్చి నాటికి ప్రధాన కరెన్సీలన్నీ మార్కెట్‌కు వదిలేసినవే.

ఇది తెలిస్తే డేటా చూడగానే అనుమానించడం వస్తుంది. 1958లో డాలర్-యెన్ రేటు రోజూ కదులుతున్నట్టు ఏదైనా సైటు చూపిస్తే దాన్ని నమ్మకండి. 1985లో నెలల తరబడి ఒకే అంకె ఉన్నా నమ్మకండి. ఆ దేశం తన డబ్బును వేరే కరెన్సీకి కట్టి ఉంచినప్పుడు మాత్రమే అలా కుదురుతుంది. నేపాల్ రూపాయి 1993 నుంచి ఒక భారత రూపాయికి 1.60 దగ్గరే ఉంది. అక్కడ కదలని గీతే సరైన గీత.

ఐదో అడుగు: మూలం ఎంచుకోండి

నా వరస ఇది. ముందు ఆ దేశపు కేంద్ర బ్యాంకు, తర్వాత అంతర్జాతీయ సంస్థలు, చివర్లో మాత్రమే కరెన్సీ మార్పిడి సైట్లు.

యూరోపియన్ కేంద్ర బ్యాంకు 1999 జనవరి నుంచి యూరో రిఫరెన్స్ రేట్లను పని దినాల్లో రోజూ ఇస్తోంది, మొత్తం ఫైలు ఉచితం. ఫెడరల్ రిజర్వ్ హెచ్.10 రోజువారీ రేట్లు 1971 నుంచి దొరుకుతాయి. అవి న్యూయార్క్‌లో మధ్యాహ్నం వేళ కొనుగోలు రేట్లు. అంతర్జాతీయ ద్రవ్యనిధి నెలవారీ, వార్షిక రేట్లు ఇస్తుంది, వాటిలో కాలపు సగటు, కాలాంతపు రేటు అని రెండు వేర్వేరు వరుసలు ఉంటాయి. ప్రపంచ బ్యాంకు వార్షిక సగటు రేట్లు 1960 నుంచి ఉన్నాయి. రూపాయికి 2018 జులై వరకు రిజర్వ్ బ్యాంకు తానే రిఫరెన్స్ రేటు లెక్కగట్టేది, ఆ తర్వాత ఆ పని ఎఫ్‌బీఐఎల్ అనే సంస్థకు వెళ్లింది.

మార్పిడి సైట్లు చెడ్డవని కాదు. అవి చూపేది ఎక్కువగా కొనుగోలు, అమ్మకం రేట్ల మధ్య అంకె. అది పెద్ద బ్యాంకులు తమలో తాము చేసుకునే లావాదేవీలది. మామూలు మనిషికి కౌంటర్ దగ్గర ఆ రేటు దొరకదు. యూరోపియన్ కేంద్ర బ్యాంకు కూడా తన రేట్లు సమాచారం కోసమే తప్ప లావాదేవీల కోసం కాదని చెబుతుంది. మీరు నిజంగా ఎంత చెల్లించారన్నది కావాలంటే ఏ డేటాబేసూ చెప్పలేదు, ఆనాటి బ్యాంకు రసీదే చెప్పాలి.

రోజులో ఏ వేళ రేటు అన్నది మామూలు రోజుల్లో పెద్ద తేడా తీసుకురాదు. కొన్ని రోజుల్లో అదే సర్వస్వం. స్విస్ నేషనల్ బ్యాంకు 2011 సెప్టెంబర్ నుంచి యూరోకు 1.20 ఫ్రాంకుల కంటే తగ్గనివ్వకుండా కాపాడుతూ వచ్చింది. 2015 జనవరి 15 ఉదయం హఠాత్తుగా ఆ హద్దు ఎత్తేసింది. అదే రోజు యూరో 1 ఫ్రాంకు దరిదాపుల్లోకి పడింది. ఆ తేదీకి ‘రేటు ఎంత’ అని అడిగితే, ప్రకటనకు ముందా, తర్వాతా అని ఎదురు అడగాల్సిందే.

ఆరో అడుగు: సెలవు రోజుల ఖాళీలు

శనాదివారాలకు, సెలవులకు అధికారిక రేటు ఉండదు. అంతకు ముందరి పని దినం రేటు వాడటం ఎక్కువగా ఉన్న పద్ధతి. ఒప్పందంలో వేరేగా ఉంటే దాన్నే పాటించాలి. స్ప్రెడ్‌షీట్‌లో తేదీలను పాతది నుంచి కొత్తదానికి వరసగా పేర్చి, వీలుకప్ (VLOOKUP) ఫంక్షన్‌ను సుమారు పోలిక పద్ధతిలో వాడితే ఖాళీ తేదీకి ముందరి రేటును అదే తెచ్చిపెడుతుంది. ఖాళీ గడుల్లో సున్నా పెట్టకండి. రెండు వేర్వేరు దేశాల పట్టికలు కలుపుతుంటే వాళ్ల సెలవులు కలవవని గుర్తుపెట్టుకోండి.

ఏడో అడుగు: నేరు రేటు లేకపోతే మూడో కరెన్సీ మీదుగా

ఈ పని మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇది. రెండు కరెన్సీల మధ్య రేటు ఎక్కడా రాసి లేకపోయినా, రెండింటికీ మూడోదానితో ఉన్న సంబంధం తెలిస్తే మనమే కట్టేయవచ్చు. దీన్నే క్రాస్ రేటు అంటారు.

ఉదాహరణకు, 1947లో ఒక రూపాయి ఒక డాలర్‌తో సమానం అన్న మాట వాట్సాప్‌లో ఏళ్లుగా తిరుగుతోంది. సరిచూద్దాం. అప్పట్లో రూపాయి నేరుగా డాలర్‌కు కట్టి లేదు, పౌండ్‌తో ముడిపడి ఉంది. రూపాయికి 1 షిల్లింగ్ 6 పెన్నీలు, అంటే 18 పెన్నీలు. పాత పౌండ్‌లో 20 షిల్లింగులు, షిల్లింగ్‌కు 12 పెన్నీలు, మొత్తం 240 పెన్నీలు. 240ని 18తో భాగిస్తే పౌండ్‌కు 13.33 రూపాయలు. ఆనాడు పౌండ్‌కు 4.03 డాలర్లు. 13.33ను 4.03తో భాగిస్తే డాలర్‌కు సుమారు 3.31 రూపాయలు. ఒక రూపాయి కానే కాదు.

అదే లెక్కను ఇంకో అడుగు ముందుకు తీసుకెళ్లండి. 1949లో పౌండ్ 2.80 డాలర్లకు దిగినప్పుడు రూపాయి కూడా పౌండ్‌తో పాటే దిగింది. 13.33ను 2.80తో భాగిస్తే 4.76. 1966 దాకా ఉన్న రేటు ఇదే! లెక్క, చరిత్ర ఇలా ఒకదానితో ఒకటి సరిపోయినప్పుడు ఆ అంకెను ధైర్యంగా వాడవచ్చు.

క్రాస్ రేటుతో ఇంకో ప్రయోజనం, కదిలింది ఎవరో తెలుస్తుంది. 1967 నవంబర్‌లో పౌండ్ 21 రూపాయల నుంచి 18కి తగ్గింది. ఈ జంట ఒక్కటే చూసేవారికి రూపాయి బలపడినట్టు అనిపిస్తుంది. డాలర్‌తో చూస్తే రూపాయి 7.50 దగ్గర కదలకుండా ఉంది. పడింది పౌండ్. ఏ జంటలోనైనా పెద్ద మార్పు కనిపిస్తే, రెండింటినీ మూడో కరెన్సీతో పోల్చి చూశాకే ‘ఇది పెరిగింది, అది పడింది’ అని రాయండి.

ఒక జాగ్రత్త. క్రాస్ రేటుకు వాడే రెండు రేట్లూ ఒకే తేదీవి, ఒకే రకానివి అయి ఉండాలి. ఒకటి సగటు, ఇంకొకటి నెలాఖరు అయితే వచ్చే అంకెకు అర్థం ఉండదు.

యూరోలో కలిసిపోయిన కరెన్సీలకు వేరే నియమం ఉంది. జర్మన్ మార్క్ యూరోకు 1.95583, ఫ్రెంచ్ ఫ్రాంక్ 6.55957, ఇటలీ లీరా 1936.27 అని శాశ్వతంగా ఖాయం చేశారు. 1999 తర్వాత మార్క్‌ను ఫ్రాంక్‌లోకి మార్చాలంటే ముందు యూరోలోకి, అక్కడి నుంచి ఫ్రాంక్‌లోకి వెళ్లాలన్నది చట్టబద్ధమైన పద్ధతి. 1999కి ముందటి తేదీలకు ఈ అంకెలు వాడకూడదు. అప్పటికి అవి విడివిడిగా కదిలే కరెన్సీలు.

ఎనిమిదో అడుగు: ఒకటికి మించి రేట్లున్న దేశాలు

ప్రభుత్వం చెప్పిన రేటుకు, జనం మధ్య నడిచిన రేటుకు సంబంధమే లేని కాలాలు చాలా ఉన్నాయి. మయన్మార్‌లో 2012 వరకు అధికారిక రేటు డాలర్‌కు సుమారు 6 క్యాట్లు. బజార్లో 800 చుట్టుపక్కల నడిచేది. ఆ ఏడాది ఏప్రిల్ 1న కొత్త విధానం మొదలైనప్పుడు కేంద్ర బ్యాంకు ఇచ్చిన రేటు 818. పాత అధికారిక అంకెతో 2011 నాటి జీతాన్ని డాలర్లలోకి మారిస్తే, అతి మామూలు ఉద్యోగి కూడా కాగితం మీద ధనవంతుడైపోతాడు.

చైనా 1994 జనవరి 1న తన రెండు రేట్లను, అంటే అధికారిక రేటును, మార్కెట్ రేటును కలిపేసింది. అధికారిక రేటు డాలర్‌కు 5.8 యువాన్ల నుంచి 8.7కి ఒక్కసారిగా మారింది. అప్పటికే చాలా లావాదేవీలు ఆ మార్కెట్ రేటుకే జరుగుతున్నాయి కాబట్టి వ్యాపారుల మీద పడిన భారం ఈ అంకెల మధ్య తేడా అంత పెద్దది కాదు. అర్జెంటీనాలో 2023 డిసెంబర్‌లో అధికారిక రేటు 366 పెసోల నుంచి 800కి వెళ్లింది, బజారు రేటు అంతకు ముందే దానికన్నా బాగా పైన ఉంది.

ఇలాంటి చోట ఏది వాడాలన్నది మీ ప్రశ్నను బట్టి ఉంటుంది. ప్రభుత్వ బడ్జెట్, అధికారిక దిగుమతులు అయితే అధికారిక రేటు. మనుషుల కొనుగోలు శక్తి, ఇంటికి పంపిన డబ్బు అయితే బజారు రేటు. నా అభిప్రాయంలో రెండూ పక్కపక్కనే చూపించడమే నిజాయితీ.

తొమ్మిదో అడుగు: సగటు, ధరల సర్దుబాటు

సగటుకు కూడా దిశ ఉంటుంది. ఒక నెల రేటు 2, ఇంకో నెల 4 అయితే సగటు 3. అదే రేట్లను తిరగేస్తే 0.5, 0.25 అవుతాయి. వాటి సగటు 0.375. దాన్ని మళ్లీ తిరగేస్తే 2.67 వస్తుంది, 3 కాదు. అందుకే సగటును తలకిందులు చేయకండి. కావాల్సిన దిశలోకి రోజువారీ రేట్లను మార్చి, ఆ తర్వాతే సగటు తీయండి.

రేటు ఒక్కసారిగా మారిన ఏడాదికి వార్షిక సగటు మోసం చేస్తుంది. 1966లో రూపాయికి రోజుల లెక్కన సగటు తీస్తే డాలర్‌కు సుమారు 6.33 వస్తుంది. ఆ ఏడాది ఏ ఒక్క రోజూ అధికారికంగా లేని రేటు అది. జూన్‌కు ముందు ఒక ముక్క, తర్వాత ఒక ముక్కగా విడదీసి లెక్క కట్టడం మేలు.

దూరపు సంవత్సరాలను పోలుస్తుంటే ధరల పెరుగుదలను కూడా కలపాలి. రేటును విదేశీ ధరల సూచీతో గుణించి, స్వదేశీ సూచీతో భాగిస్తే నిజ మారకపు రేటు వస్తుంది. విదేశీ కరెన్సీ 10 నుంచి 15కి పెరిగిందనుకోండి. అదే కాలంలో ఇక్కడ ధరలు 80 శాతం, అక్కడ 10 శాతం పెరిగితే నిజ రేటు సుమారు 9.17. పైకి 50 శాతం పెరిగినట్టున్నా, ధరలు లెక్కలోకి తీసుకుంటే విదేశీ వస్తువు మనకు 8 శాతం చవకైంది.

చివరి అడుగు: అంకె పక్కన రాయాల్సినవి

డౌన్‌లోడ్ చేసిన ఫైలును మార్చకుండా ఒక కాపీ దాచండి, లెక్కలు ఇంకో కాపీలో చేయండి. సంస్థలు పాత వరుసలను సవరిస్తుంటాయి, కొన్నిటిని ఆపేస్తుంటాయి కాబట్టి దించుకున్న తేదీ కూడా రాసుకోండి. రేటు వాడిన ప్రతిచోటా ఒక్క వాక్యం చాలు. ‘ఒక యూరోకు అమెరికా డాలర్లు, యూరోపియన్ కేంద్ర బ్యాంకు రిఫరెన్స్ రేటు, ఆదివారం కాబట్టి ముందరి శుక్రవారానిది’ అన్నట్టుగా. దశాంశాలను మూలంలో ఉన్నన్ని ఉంచి, గుణకారాలన్నీ అయ్యాక చివరి మొత్తాన్ని మాత్రమే కుదించండి.